ఒంటి పైపొరలు బాక్టీరియాను ఎలా ఆపుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి ముదిరి ఉక్కపోత మొదలైందంటే వైజాగ్‌లో చర్మం డాక్టర్ల దగ్గర టోకెన్ దొరకడం కష్టం. సెగ్గడ్డలు, గోరుచుట్లు, వేళ్ల సందుల్లో నాని తెల్లబడ్డ చర్మం, గీసుకున్నచోట మానని పుండు. వచ్చిన జబ్బుల గురించి అందరం మాట్లాడుకుంటాం గానీ రానివాటి సంగతి ఎవరూ అడగరు. ఒంటి మీదా, ఒంట్లోనూ, చుట్టూ గాల్లోనూ ఇన్ని బాక్టీరియాలుండగా ఏడాదిలో చాలా రోజులు మనకేమీ కాకపోవడమే అసలు విశేషం. ఆ పని చేసేది ఉపకళా కణజాలం. అది ఊరికే అడ్డం నిలబడదు. పసిగడుతుంది, మందు చిమ్ముతుంది, కబురు పంపుతుంది, తప్పనప్పుడు తనే రాలిపోతుంది. ఇంటర్ బైపీసీ పిల్లలూ, వాళ్ల అమ్మలూ అమ్మమ్మలూ అడిగే ప్రశ్నలు కలిపి ఇక్కడ పెట్టాను.

ఉపకళా కణజాలం అంటే చర్మం పైపొరేనా?

అదొక్కటే కాదు. బయటి ప్రపంచం మన ఒంటిని తాకే ప్రతిచోటా ఇది ఉంటుంది. చర్మం, నోరు, ముక్కు, గాలి గొట్టాలు, కడుపు, పేగులు, మూత్రాశయం, కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర. ఆ మాటకొస్తే పేగులో ఉన్న అన్నం కూడా ఇంకా ఒంటి బయట ఉన్నట్టే లెక్క. ఈ పొర దాటి రక్తంలోకి వెళ్లాకే అది మనది.

ఈ కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. మధ్యలో రక్తనాళాలు ఉండవు. కింద ఆధార త్వచం అనే పల్చని పొర, దాని కింద రక్తనాళాలు. అందుకే పైపైన దోక్కుంటే రక్తం రాదు. రక్తం చుక్క కనబడిందంటే ఆ త్వచం కూడా తెగిందని అర్థం, బాక్టీరియాకి దారి పడినట్టే.

చర్మానికి అన్ని పొరలున్నాయి సరే, పేగుకి ఒకే వరుస కణాలంటారు. ఒక్క వరుస ఎలా ఆపగలదు?

మంచి ప్రశ్న. పేగుకి ఒకే వరుస ఎందుకంటే, అది తిన్నది పీల్చుకోవాలి. చర్మంలాగా దళసరిగా ఉంటే పీల్చుకోలేదు. పెద్దవాళ్ల జీర్ణనాళం లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని పాత పుస్తకాల్లో రాసేవారు. 2014లో మళ్లీ లెక్కేస్తే సుమారు 30 చదరపు మీటర్లని తేలింది. అదైనా తక్కువేం కాదు, అంత మేరా కాపాడుకోవాలి మరి.

మొదటి ఏర్పాటు కణాల మధ్య సందు లేకుండా చేయడం. క్లాడిన్, ఆక్లూడిన్ అనే ప్రోటీన్లు పక్కపక్క కణాలను పైఅంచు దగ్గర కుట్టేసినట్టు బిగిస్తాయి. నీళ్లూ, లవణాలూ కొలత ప్రకారం దాటగలవు గానీ బాక్టీరియా దూరలేదు.

రెండోది శ్లేష్మం. గాబ్లెట్ కణాలు మ్యూసిన్-2 అనే ప్రోటీన్‌ను వదులుతాయి, అది నీళ్లు పీల్చుకుని ఉబ్బి జిగురవుతుంది. పెద్దపేగులో ఈ జిగురు రెండు పొరలుగా ఉంటుందనీ, పై పొరలో బాక్టీరియా కాపురం ఉన్నా, కణాలను అంటుకుని ఉన్న లోపలి పొరలో దాదాపు ఉండవనీ 2008లో స్వీడన్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. మ్యూసిన్-2 తయారు చేయలేని ఎలుకల్లో బాక్టీరియా నేరుగా కణాల మీదికి వచ్చేశాయి, వాటి పెద్దపేగు వాచింది. పొర బాగానే ఉన్నా జిగురు లేకపోతే ఇంతే సంగతి.

మూడోది, ఐజీఏ ప్రతిరక్షకాలు. పొర కింద ఉన్న ప్లాస్మా కణాలు వీటిని తయారు చేస్తే, ఉపకళా కణాలే వాటిని మోసి పేగులోకి వదులుతాయి. అవి బాక్టీరియాను పట్టుకుని గోడకి అంటుకోనివ్వవు. ముర్రుపాలలో దండిగా ఉండేది ఈ ఐజీఏనే. పసిబిడ్డ సొంతంగా తయారు చేసుకునే దాకా తల్లి ఇస్తుందన్నమాట. మొదటి పాలు మంచివి కావని పిండి పారబోయించే పెద్దవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. వాళ్లకి ఈ ముక్క చెప్పండి.

వీటన్నిటికీ తోడు, పేగు పొర 3 నుంచి 5 రోజుల్లో మొత్తం కొత్తదైపోతుంది. బాక్టీరియా ఒక కణాన్ని పట్టుకుని స్థిరపడేలోపు ఆ కణమే రాలి కొట్టుకుపోతుంది.

చర్మం మీద బాక్టీరియాకి అంత ఇబ్బంది ఏముంది?

తిండి తక్కువ, తడి తక్కువ, ఉప్పు ఎక్కువ, పైగా పులుపు. పులుపుని కొలిచే పీహెచ్ (7 కంటే తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) చర్మం పైన సుమారు 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు కొన్ని బాక్టీరియాకి పడవు. చెమటలో డెర్మ్‌సిడిన్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుందనీ, అది బాక్టీరియాను చంపుతుందనీ 2001లో తెలిసింది. చెమట అంటే కంపే అనుకుంటాం, అందులో ఇదీ ఉంది. ఇక పైన ఉన్న చచ్చిన కణాలు రోజూ పొట్టు రాలినట్టు రాలుతూనే ఉంటాయి, వాటి మీద కూర్చున్న బాక్టీరియాతో సహా.

అయితే వైజాగ్ గాలిలో చెమట ఆరదు. చంకలు, తొడల మధ్య, కాలివేళ్ల సందులు రోజంతా తడిగా ఉంటే పైపొర నాని మెత్తబడి చిట్లుతుంది. పొడిగా ఉండే చర్మానికి ఉన్న రక్షణ అక్కడ సగం పోతుంది. బూట్లు వేసుకుని ఎనిమిదేసి గంటలు డ్యూటీ చేసేవాళ్లు, ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోవడం కాదు, సందులు తుడుచుకోవడం ముఖ్యం.

స్నానం నీళ్లలో రోజూ యాంటీసెప్టిక్ వేస్తే ఇంకా మంచిది కదా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అక్కర్లేదు. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, దానికే చర్మం పులుపు కాసేపు తగ్గుతుంది. పైన యాంటీసెప్టిక్ పోసి, పీచుతో ఎర్రగా తోమితే పోయేవి చెడ్డ బాక్టీరియా మాత్రమే కాదు. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి మన కాపురస్థులు కూడా పోతాయి. అవి చోటూ తిండీ ఆక్రమించుకుని కొత్తవాటిని రానివ్వవు. చెమట పట్టే చోట్ల సబ్బు, మిగతా ఒంటికి నీళ్లు చాలు. పిల్లల్ని రాచి రంపాన పెట్టకండి.

ఈ కణాలు బాక్టీరియాను నిజంగా చంపుతాయా, తెల్లరక్తకణాలు వచ్చి చంపాలా?

కణాలే చంపుతాయి. నా మటుకు ఈ విషయం మొత్తంలో రుచికరమైన భాగం ఇదే, అందుకే కొంచెం సాగదీస్తాను.

1921 చివర్లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కి జలుబు చేసింది. తన ముక్కు చీమిడినే తీసి బాక్టీరియా పెంచుతున్న పళ్లెంలో వేశాడు. చుట్టుపక్కల బాక్టీరియా కరిగిపోయింది. అలా దొరికిన పదార్థమే లైసోజైమ్. కన్నీళ్లలో, లాలాజలంలో, తల్లిపాలలో, కోడిగుడ్డు తెల్లసొనలో కూడా ఉంటుంది. బాక్టీరియా కణకవచాన్ని కత్తిరిస్తుంది. పెన్సిలిన్ ఆయనకి 1928లో దొరికింది గానీ, చీమిడి ముందు.

తర్వాతది కప్ప కథ. అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికా కప్పలకి గుడ్ల కోసం ఆపరేషన్ చేసి, కుట్లు వేసి, మళ్లీ ఆ మురికి తొట్టిలోనే వదిలేసేవాడు. పుండు చీము పట్టదేం? ఎర్రబడదేం? ఆ అనుమానంతో చర్మాన్ని వెతికితే 23 అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు (పెప్టైడ్లు) రెండు దొరికాయి. వాటికి మగైనిన్లని పేరు పెట్టి 1987లో ప్రకటించాడు.

మనలోనూ అలాంటివి చాలా ఉన్నాయి. డిఫెన్సిన్లు, ఎల్‌ఎల్-37, సోరియాసిన్, ఆర్‌ఎన్‌ఏజ్-7. వీటిలో డిఫెన్సిన్లకీ, ఎల్‌ఎల్-37కీ ధనావేశం ఎక్కువ. బాక్టీరియా త్వచం బయటివైపు రుణావేశం ఉంటుంది, మన కణాల బయటివైపు దాదాపు ఉండదు. అందుకని ఇవి వెళ్లి బాక్టీరియాకే అతుక్కుని, దాని త్వచాన్ని తూట్లు పొడుస్తాయి. మనని ముట్టుకోకుండా దాన్నే ఎలా చంపుతాయనే ప్రశ్నకి సమాధానం ఎక్కువగా ఈ ఆవేశాల తేడాలోనే ఉంది.

బీటా డిఫెన్సిన్-2 అనేది 1997లో ఎక్కడ దొరికిందో తెలుసా? సోరియాసిస్ రోగుల చర్మం నుంచి రాలిన పొలుసుల్లో. సోరియాసిస్ మచ్చలు అంత ఎర్రగా, పగిలి ఉన్నా చీము పట్టడం తక్కువ. అదే ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం మాటిమాటికీ చీము పడుతుంది. పరీక్షించి చూస్తే, సోరియాసిస్ చర్మంలో ఈ పెప్టైడ్లు దండిగా, ఎగ్జిమా చర్మంలో తక్కువగా ఉన్నాయి.

చిన్నపేగు ముడతల అడుగున పానెత్ కణాలుంటాయి. వాటి సరుకులో డిఫెన్సిన్-6 అని ఒకటుంది. అది బాక్టీరియాను చంపదు. ఒకదానికొకటి అల్లుకుని సన్నని పోగులై బాక్టీరియా చుట్టూ కమ్ముకుంటుంది. మన జాలరిపేట వాళ్లు వల విసిరి చుట్టేసినట్టే, చేప బతికే ఉంటుంది, కదల్లేదు. 2012లో ఇది బయటపడింది.

ఇంకో ఎత్తు ఆకలి. లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్ చుట్టుపక్కల ఇనుమునంతా పట్టేసుకుంటుంది. ఇనుము లేకపోతే చాలా బాక్టీరియాలు పెరగలేవు.

బాక్టీరియా వచ్చిందని కణానికి ఎలా తెలుస్తుంది?

బాక్టీరియాకే ఉండి మనకి లేని వస్తువులు కొన్నున్నాయి. కణకవచం ముక్కలు, బయటి త్వచంలోని లైపోపాలీశాకరైడ్, ఈదడానికి వాడే కశాభంలోని ఫ్లాజెల్లిన్. వీటిని గుర్తుపట్టే గ్రాహకాలు కణాల మీద ఉంటాయి. టోల్ అనే గ్రాహకం జన్యువు లేని పండ్ల ఈగలు బూజు పట్టి చచ్చిపోతున్నాయని ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో చూపించింది. ఎలుకల్లో లైపోపాలీశాకరైడ్‌ను పట్టేది అదే కోవ గ్రాహకమని బ్రూస్ బ్యూట్లర్ 1998లో తేల్చాడు. ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ పిల్లలు అడిగే తెలివైన ప్రశ్న: పేగు నిండా బాక్టీరియా ఉంటే కణాలు రోజంతా గోల పెట్టాలి కదా? ఫ్లాజెల్లిన్‌ను పట్టే గ్రాహకం పేగు కణాల్లో ఎక్కువగా కిందివైపు, ఆధార త్వచం వైపు ఉంటుంది. పైన తిరిగే బాక్టీరియాను అది పట్టించుకోదు. పొర దాటి కిందికి దిగినదాన్ని చూస్తేనే కేక వేస్తుంది. ఆ కేక ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి రసాయనాల రూపంలో రక్తానికి చేరుతుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. పుండు ఎర్రబడి, వేడెక్కి, వాచి సలపడం ఆ హడావిడే. చీము అంటే ఎక్కువగా ఆ పోరులో చచ్చిన న్యూట్రోఫిల్సే.

కణం లోపలికే దూరేస్తే?

సాల్మొనెల్లా, షిగెల్లా లాంటివి అదే చేస్తాయి. అప్పుడు కణానికి మూడు దారులు. లోపలే పొరసంచిలో చుట్టి జీర్ణం చేసుకోవడం ఒకటి. రెండోది, తెల్లరక్తకణాల నుంచి ఇంటర్‌ఫెరాన్-గామా సంకేతం అందితే జీబీపీ ప్రోటీన్లు బాక్టీరియా ఒంటిని కప్పేస్తాయి. వాటి వెనకే ఏపీఓఎల్-3 అనే ప్రోటీన్ వచ్చి దాని త్వచాన్ని సబ్బు జిడ్డుని కరిగించే పద్ధతిలోనే కరిగిస్తుందని 2021లో వెల్లడైంది. మూడోది త్యాగం. సోకిన కణం తనని తాను పొర నుంచి పైకి నెట్టించుకుని రాలిపోతుంది, పక్క కణాలు వెంటనే దగ్గరకి జరిగి ఖాళీ పూడుస్తాయి. బొక్క పడకుండా కణాన్ని తీసేయడం, అదీ పనితనం.

ఆడవాళ్లకే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎక్కువెందుకు?

దారి పొట్టిది. మూత్రాశయం నుంచి బయటికి వచ్చే గొట్టం (ప్రసేకం) ఆడవాళ్లలో సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్లలో 20 దాకా. దాన్నెక్కి వచ్చిన ఈ.కొలై అనే బాక్టీరియా, తన ఒంటి మీది నూగులాంటి పోగులతో మూత్రాశయం కణాలను పట్టుకుంటుంది. మూత్రపిండాలు యూరోమాడ్యులిన్ అనే ప్రోటీన్‌ను మూత్రంలోకి వదులుతాయి. ఆ పోగులు కణాలకి బదులు దీన్ని పట్టుకుంటే మూత్రంతోపాటు బయటికి పోతాయి. అప్పటికీ అంటుకుంటే పైవరుస కణాలు రాలిపోతాయి. మూత్రం మడ్డిగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. కాకపోతే ఇందులో ఒక చిక్కుంది. పైవి రాలితే కింది కణాలు బయటపడతాయి, కొన్ని బాక్టీరియా వాటిలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తాయి. కొందరికి తిరగబెట్టడం అందుకే.

కడిగేసే ధార ఈ ఏర్పాటులో పెద్ద భాగం. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు షాపుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలు, బాత్రూమ్ సరిగా లేక నీళ్లు తాగడమే మానేస్తారు. వాళ్లకి శుభ్రత మీద ఉపన్యాసం ఇవ్వడం కంటే ఒక బాత్రూమ్ కట్టించడం నయం.

వన్‌టౌన్ దుమ్ముకి రోజూ ముక్కులో నల్లటి చీమిడి. లోపలికి ఎంత పోతోందో?

ఆ నల్లటిది బయటికొచ్చినది, అంటే పని జరుగుతోందనే. గాలి గొట్టాల కణాల మీద శైలికలు అనే సన్నటి నూగులాంటివి సెకనుకి 10 నుంచి 20 సార్లు కొట్టుకుంటూ దుమ్మూ బాక్టీరియా పట్టుకున్న జిగురును గొంతు దాకా నెడతాయి. అక్కడి నుంచి మనకి తెలియకుండానే మింగేస్తాం, కడుపులో ఆమ్లం చూసుకుంటుంది. పొగ తాగేవాళ్లలో శైలికలు మందగించి, రాలిపోతాయి. జిగురు అక్కడే నిలవుండి బాక్టీరియాకి ఇల్లవుతుంది, తెల్లారగానే ఆ దగ్గు దాన్ని బయటికి తోసే ప్రయత్నమే. మన ఉత్తరాంధ్ర తీరంలో ముసలమ్మలు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే అడ్డపొగ అయితే మరీ ఘోరం. అంగిలి పొర కాలి తెల్లగా దళసరి ఎక్కుతుంది, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది.

సముద్రం నీళ్లు తగిలితే పుండు మానుతుందంటారు, నిజమేనా?

కాదు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు వేరు, బీచ్ నీళ్లు వేరు. గెడ్డలు (ఊరి మురుగు కాలువలు) వచ్చి కలిసే చోట అయితే చెప్పనక్కర్లేదు. గోరువెచ్చని ఉప్పునీటిలో విబ్రియో వల్నిఫికస్ లాంటి బాక్టీరియా సహజంగానే పెరుగుతుంది. చెక్కు చెదరని చర్మాన్ని అది ఏమీ చేయలేదు. తెగినచోట దూరితే, ముఖ్యంగా లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లలో, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. అరుదే, కానీ రేపటిదాకా ఆగే జబ్బు కాదు.

ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల చేతులు ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఐసునీళ్లలో నాని వేలి కొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. గోరుకీ చర్మానికీ మధ్య ఉండే సన్నటి అంచు లేచిపోయి ఉంటుంది. ఆ అంచు ఉన్నదే సందు మూయడానికి. అది పోయాక రొయ్య తలముల్లు ఒక్కసారి గుచ్చుకుంటే చాలు, గోరుచుట్టు. చేపల పనివాళ్లకి ప్రత్యేకంగా వచ్చేవి మరో రెండు. ఎరిసిపెలాయిడ్‌లో వేలు ఊదారంగు ఎర్రగా వాచి మండుతుంది, పెన్సిలిన్‌కి తగ్గుతుంది. మైకోబాక్టీరియం మెరైనమ్ అయితే గుచ్చుకున్న వారాల తర్వాత గడ్డగా తేలుతుంది, దాన్ని మామూలు గడ్డ అనుకుని నెలలు గడిపేస్తారు. డాక్టరుకి "నేను చేపల పని చేస్తాను" అని ముందే చెబితే సగం పని అయినట్టే. గోరుచుట్టుకి నిమ్మకాయ తొడిగితే హాయిగా ఉంటుందేమో గానీ, చీము పట్టాక అది బయటికి రావాల్సిందే.

మామిడిపళ్లు తింటే సెగ్గడ్డలు వస్తాయి కదా?

సెగ్గడ్డ అంటే వెంట్రుక కుదురులో స్టెఫిలోకాకస్ ఆరియస్ చేరడం. మామిడి సీజనూ, చెమట సీజనూ ఒకటే కావడంతో నింద పండు మీద పడింది. మామిడి జీడి (తొడిమ దగ్గర కారే సొన) మూతికి తగిలి పొక్కితే మాత్రం అది నిజం, ఆ పొక్కిన చోట బాక్టీరియా చేరొచ్చు. తొడిమ కోసి, సొన కారనిచ్చి, కడిగి తినండి.

కలరాలో పేగు పొర తెగిపోతుందా?

తెగదు. అదే వింత. కలరా బాక్టీరియా లోపలికి దూరదు, పైన కూర్చుని విషం వదులుతుంది. కణాలు బతికే ఉండి, ఆపకుండా ఉప్పూ నీళ్లూ పేగులోకి కుమ్మరిస్తాయి. ఆ విషం సంగతి 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేళ్ల పేగుల్లో నిరూపించారు. పొర చెడలేదు గనకే గ్లూకోజ్‌తో కలిపి ఉప్పును పీల్చుకునే దారి పనిచేస్తూనే ఉంటుంది, ఓఆర్‌ఎస్ ఆ దారినే వాడుకుంటుంది. లీటరు ప్యాకెట్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మిగతా పొటాషియం క్లోరైడ్, సిట్రేట్. అంచేత అందులో ఇంకో రెండు చెంచాల చక్కెర వేయకండి, విరేచనాలు పెరుగుతాయి.

షుగర్ ఉన్నవాళ్లకి పుళ్లు ఎందుకు మానవు?

అరికాలు స్పర్శ పోతే మేకు గుచ్చుకున్నా తెలియదు. చెమట తగ్గి మడమలు పగులుతాయి. రక్తం సరిగా అందదు, న్యూట్రోఫిల్స్ చురుకు తగ్గుతుంది. మూత్రాశయం కణాల్లో సోరియాసిన్ కూడా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. సింహాచలం గిరిప్రదక్షిణకి 30 కిలోమీటర్ల పైన వట్టికాళ్లతో నడిచే షుగర్ రోగులు ఈ పేరా రెండుసార్లు చదవండి. నడిచాక అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోండి, చిన్న బొబ్బయినా వదలొద్దు.

మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే రెండు రోజుల్లో దురద తగ్గింది. వాడొచ్చా?

వాటిలో చాలావాటికి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది పొర వేసే కేకను నొక్కేస్తుంది గనక ఎరుపూ దురదా తగ్గినట్టు ఉంటుంది. కింద తామర పాకుతూనే ఉంటుంది, వారాలు వాడితే చర్మం పల్చబడుతుంది. చీటీ లేకుండా చాలా స్టెరాయిడ్ క్రీములు అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, కొనేముందు ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లున్నాయేమో చదువుకోవడం మన చేతిలో పని.

తెగితే ఏం చేయాలి? డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

కుళాయి ధార కింద కడగండి, ఇసుకా మట్టీ పోయేదాకా. సబ్బు పుండు చుట్టూ చాలు. పసుపూ, కాఫీపొడీ, బూడిదా కూరొద్దు. శుభ్రమైన కట్టు కట్టండి. టీటీ సంగతి కనుక్కోండి.

ఎరుపు గంటగంటకీ పాకుతున్నా, జ్వరం చలీ వచ్చినా, చిన్న దెబ్బకి తగని నొప్పి ఉన్నా, నల్లటి మచ్చలు లేక నీటి బొబ్బలు లేచినా, ఎర్రటి గీత పైకి ఎక్కుతున్నా, రేపు చూద్దాం అనుకోకుండా అదే రాత్రి కేజీహెచ్ క్యాజువాలిటీకో, దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లండి. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన టైము వేసుకుని వెళితే, ఎంత వేగంగా పాకుతోందో డాక్టరుకి చూడగానే తెలుస్తుంది.